ఆస్కార్ రాబర్ట్‌సన్: ఆట ఒక ఎత్తు, కేసు ఒక ఎత్తు

అందరికీ నమస్కారం. నన్ను పిలిచినవాళ్లు "ఒక మాజీ బాస్కెట్‌బాల్ ఆటగాడి జీవితం గురించి మాట్లాడండి" అన్నారు. ఎవరి గురించి అనేది నా ఇష్టానికే వదిలేశారు. జోర్డాన్ గురించో, కోబీ గురించో చెబితే మీకు తెలిసిందే మళ్లీ చెప్పినట్టవుతుంది. అందుకని 1974లోనే ఆట మానేసిన మనిషిని ఎంచుకున్నాను. పేరు ఆస్కార్ రాబర్ట్‌సన్. అమెరికాలో ముద్దుగా 'బిగ్ ఓ' అంటారు.

ఈ పేరు 2017లో మళ్లీ బాగా వినబడింది. రసెల్ వెస్ట్‌బ్రూక్ ఆ సీజన్‌లో 42 ట్రిపుల్ డబుల్స్ చేసి, రాబర్ట్‌సన్ పేరు మీద అప్పటికి 55 ఏళ్లుగా ఉన్న 41 రికార్డును దాటాడు. ట్రిపుల్ డబుల్ అంటే తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క: ఒకే మ్యాచ్‌లో పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టులు మూడూ రెండంకెల్లో ఉండటం. బుట్టలో పడని బంతిని అందుకోవడం రీబౌండ్, మనవాడు బాస్కెట్ వేసేలా పాస్ ఇవ్వడం అసిస్టు. అంటే ఎత్తుగా ఉన్నవాడి పనీ, చురుగ్గా ఉన్నవాడి పనీ ఒక్కడే చేయాలి. రాబర్ట్‌సన్ 1961-62లో సీజన్ మొత్తం మీద సగటే అలా తెచ్చాడు. మ్యాచ్‌కి 30.8 పాయింట్లు, 12.5 రీబౌండ్లు, 11.4 అసిస్టులు.

ఆయన గురించి రాసే ప్రతి వ్యాసమూ ఈ మూడు అంకెలతోనే మొదలై, అక్కడే ఆగిపోతుంది. నాకు అది అన్యాయం అనిపిస్తుంది. ఆ అంకెల్ని వెస్ట్‌బ్రూక్ దాటేశాడు, రేపు ఇంకెవరో దాటుతారు. కానీ 'రాబర్ట్‌సన్ వర్సెస్ నేషనల్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్' అని ఒక కేసు ఉంది, అంటే అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ మీద వేసిన కేసు. ఇవాళ ఏ ఆటగాడైనా కాంట్రాక్టు అయిపోగానే నచ్చిన జట్టుకి వెళుతున్నాడంటే, ఆ దారి అక్కడ పడింది. ఆ ఆటా, ఆ కేసూ ఒకే బుర్రలోంచి వచ్చాయని నా నమ్మకం. ఇవాళ చెప్పదలుచుకున్నది అదే.

రాబర్ట్‌సన్ 1938 నవంబర్ 24న టెనెసీ రాష్ట్రంలో చార్లెట్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. పసితనంలోనే కుటుంబం ఇండియానాపొలిస్‌కి వలస వచ్చింది. ఇండియానా రాష్ట్రంలో బాస్కెట్‌బాల్ అంటే మామూలు పిచ్చి కాదు. హైస్కూల్ టోర్నమెంట్ వచ్చిందంటే ఊళ్లకి ఊళ్లే కదిలిపోయేవి. ఇంట్లో బంతి కొనే స్తోమత లేదు. గుడ్డపీలికల్ని ఉండలా చుట్టి, రబ్బర్ బ్యాండ్లు బిగించి, ఇంటి వెనక వేలాడదీసిన పీచ్ పళ్ల బుట్టలోకి విసిరేవాడు. దొరికితే టెన్నిస్ బంతి. దగ్గర్లో పెద్ద కుర్రాళ్లు ఆడే కోర్టు ఒకటి ఉండేది, దాన్ని డస్ట్ బౌల్ అనేవారు. ఎలాంటి కోర్టో పేరులోనే ఉంది. అక్కడ గెలిచినవాళ్లు ఆడుతూనే ఉంటారు, ఓడినవాళ్లు పక్కకి తప్పుకోవాలి. చిన్నవాడికి అవకాశం దొరకడమే గగనం.

తర్వాత చేరిన స్కూలు క్రిస్పస్ అటక్స్ హైస్కూల్. ఈ స్కూలు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. 1920లలో ఇండియానాలో కూ క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి దురహంకార ముఠా బలం మామూలుగా లేదు. ఆ రోజుల్లో ఊళ్లో ఉన్న నల్లజాతి పిల్లలందర్నీ మిగతా స్కూళ్లనుంచి తప్పించి, ఒకేచోట పెట్టడానికి కట్టిన స్కూలు అది. 1927లో తెరిచారు. వేరుచేయడానికి కట్టిన స్కూల్లో జరిగిందేమిటంటే, గొప్ప చదువులు చదివి కూడా యూనివర్సిటీల్లో ఉద్యోగాలు దొరకని నల్లజాతి అధ్యాపకులు వచ్చి అక్కడ పాఠాలు చెప్పారు. పిల్లలకి మంచి చదువు దొరికింది. ఆటలోకి మాత్రం రానివ్వలేదు. 1942 వరకూ రాష్ట్ర టోర్నమెంట్‌లో ఆడే హక్కే ఆ స్కూలుకి లేదు.

స్కూల్ జిమ్ మరీ చిన్నది, పోటీలు పెట్టే వీలు లేదు. అందుకని సొంత మైదానమనేదే లేకుండా ఆడేవాళ్లు. కోచ్ రే క్రో చాలా నెమ్మదైన మనిషి. రిఫరీతో వాదించొద్దు, ఎదుటివాడు మోచేత్తో పొడిచినా తిరిగి పొడవొద్దు, ఇవీ ఆయన నియమాలు. విజిల్ ఎలాగూ మనకి వ్యతిరేకంగానే మోగుతుంది కాబట్టి, చివరి నిమిషాల్లో రిఫరీ చేతికి మ్యాచ్ చిక్కకుండా ముందే ఆధిక్యం పెంచేసుకోవాలనేది ఆ జట్టు లెక్క. పదిహేనేళ్ల కుర్రాడికి ఇంతకన్నా పాఠం ఏముంటుంది చెప్పండి. నియమాలు ఎలా ఉన్నాయో చూడు, ఎవరి చేతిలో ఉన్నాయో చూడు, దాన్నిబట్టి ఆడు.

1955లో అటక్స్ రాష్ట్ర చాంపియన్ అయింది. ఫైనల్లో గ్యారీ రూజ్‌వెల్ట్ అనే మరో నల్లజాతి స్కూలు మీద 97-74తో గెలిచింది. అన్ని స్కూళ్లూ కలిసి ఆడే రాష్ట్ర టోర్నమెంట్‌ని నల్లజాతి స్కూలు ఒకటి గెలవడం అమెరికాలోనే అదే మొదటిసారి. ఇండియానాపొలిస్ నగరానికి కూడా అదే మొదటి రాష్ట్ర టైటిల్.

గెలిచిన జట్టుని ఫైర్ ఇంజన్ ఎక్కించి, ఊరి నడిబొడ్డున ఉన్న మాన్యుమెంట్ సర్కిల్ దగ్గర సంబరాలు చేయడం అక్కడి ఆనవాయితీ. అటక్స్ కుర్రాళ్లనీ ఫైర్ ఇంజన్ ఎక్కించారు. సర్కిల్ చుట్టూ ఒక్క చుట్టు తిప్పారు. అంతే. అక్కడ ఆపకుండా అటునుంచి అటే నల్లజాతివాళ్లు ఉండే పేటలోని పార్కుకి తీసుకెళ్లి, మీ సంబరాలేవో ఇక్కడ చేసుకోండి అన్నారు. నడిబొడ్డున జనం పోగైతే గొడవలవుతాయని పెద్దల భయమట! పార్కులో భోగిమంట వేశారు, జనం పాడుతున్నారు, గంతులేస్తున్నారు. రాబర్ట్‌సన్ కాసేపు నిలబడి చూసి, ఎవరికీ చెప్పకుండా తండ్రి ఇంటికి వెళ్లిపోయాడు. "నాన్నా, వాళ్లకి మనం అక్కర్లేదు" అన్నాడు. ఆ రాత్రి గురించి పెద్దయ్యాక కూడా చాలాసార్లు చెప్పుకొచ్చాడు, ఎక్కడా తేలిగ్గా తీసుకోలేదు. మరుసటి ఏడాది అటక్స్ 31 మ్యాచ్‌లాడి 31 గెలిచింది. ఫైనల్లో ఆయన ఒక్కడే 39 పాయింట్లు వేశాడు. ఆ రాష్ట్ర చరిత్రలో ఒక్క ఓటమీ లేకుండా చాంపియన్ అయిన మొదటి జట్టు అదే.

కాలేజీ కథ త్వరగా చెప్పేస్తాను. సిన్సినాటి యూనివర్సిటీలో ఆడిన మూడేళ్లూ దేశంలో అందరికన్నా ఎక్కువ సగటు ఆయనదే, మొత్తం మీద 33.8. జాతీయ చాంపియన్ మాత్రం కాలేకపోయాడు, 1959లోనూ 1960లోనూ సెమీఫైనల్లో కాలిఫోర్నియా ఆపేసింది. దక్షిణాది రాష్ట్రాలకి వెళ్లినప్పుడు జట్టంతా హోటల్లో ఉంటే, ఆయన్ని మాత్రం హ్యూస్టన్‌లో నల్లజాతి కాలేజీ హాస్టల్‌కి పంపారు. రాత్రి వేరేచోట పడుకోవాలి, మర్నాడు వాళ్లతో కలిసే ఆడి గెలిపించాలి. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో జెర్రీ వెస్ట్‌తో కలిసి అమెరికా జట్టుకి కో-కెప్టెన్. బంగారు పతకం.

ఇక ప్రొఫెషనల్ ఆట. ఇక్కడే నియమాల సంగతి మొదలవుతుంది. అప్పట్లో ఎన్‌బీఏలో 'టెరిటోరియల్ పిక్' అని ఉండేది. ఒక ఊరి జట్టు తన చుట్టుపక్కల కాలేజీలో ఆడిన కుర్రాణ్ని, డ్రాఫ్ట్‌తో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే పద్ధతితో, పని లేకుండా ముందే తీసేసుకోవచ్చు. జనం టికెట్లు కొంటారని ఆశ. రాబర్ట్‌సన్ సిన్సినాటిలో చదివాడు కాబట్టి సిన్సినాటి రాయల్స్ సొత్తు అయిపోయాడు. ఆయన్ని అడిగిందెవరు? అక్కణ్నుంచి పదేళ్లు అక్కడే.

ఆట ఎలా ఉండేదో చెప్పకపోతే ఆ మనిషి అర్థం కాడు. ఎత్తు ఆరడుగుల ఐదంగుళాలు. ఆ రోజుల్లో గార్డులకి, అంటే బంతి నడిపిస్తూ ఆట మొదలుపెట్టేవాళ్లకి, అది చాలా ఎక్కువ, కాపలా కాసేవాడు రెండు మూడు అంగుళాలు తక్కువే ఉండేవాడు. బంతిని డ్రిబుల్ చేస్తూ వచ్చి, ప్రత్యర్థికి వీపు తిప్పి, తుంటితో ఒక్కో అడుగే వెనక్కి నెట్టుకుంటూ బాస్కెట్ వైపు జరిగేవాడు. షాట్ వేసేటప్పుడు బంతి తలకి బాగా పైన, కొంచెం వెనగ్గా, ఒంటి చేత్తో పట్టుకునేవాడు. కాపలావాడి చెయ్యి అక్కడికి అందదు. వీపు వెనకనుంచి పాస్‌లు, గాల్లో విన్యాసాలు, ఇవేవీ ఉండవు. చూసేవాళ్లకి కొన్నిసార్లు చప్పగా కూడా ఉండేదేమో.

గ్యారీ రూజ్‌వెల్ట్ అన్నాను చూశారా, 1955 ఫైనల్లో ఓడిన స్కూలు, ఆ జట్టులో డిక్ బార్నెట్ అని ఒకడుండేవాడు. ఆయనా తర్వాత ఎన్‌బీఏకి వచ్చి, న్యూయార్క్ నిక్స్‌కి ఆడాడు. రాబర్ట్‌సన్ గురించి అందరికన్నా బాగా చెప్పింది ఆయనే. బాస్కెట్‌కి పన్నెండడుగుల దూరంనుంచి షాట్‌కి చోటిస్తే, నిన్ను నలిపి నలిపి పదడుగులకి వస్తాడు. పది ఇస్తే ఎనిమిది కావాలంటాడు. ఎనిమిది ఇస్తే ఆరు. ఇచ్చినదాంతో తృప్తిపడి షాట్ వేసేయడం ఆయనకి చేతకాదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కోర్టు కేసు దగ్గర పనికొస్తుంది.

మంచి సహచరుడేనా అంటే, ఆ ముక్క అందరూ ఒప్పుకోరు. పాస్ వదిలేసినా, నిలబడాల్సిన చోట నిలబడకపోయినా మ్యాచ్ మధ్యలోనే అరిచేవాడు. ఆయనకన్నా పెద్దవాళ్లనీ వదిలేవాడు కాదు. భయపడ్డవాళ్లున్నారు, నొచ్చుకున్నవాళ్లున్నారు. అదే సమయంలో, ఆయన పాస్‌ల వల్లే తమ కెరీర్ బాగుపడిందన్నవాళ్లూ ఉన్నారు. రాయల్స్‌లో ఆయనతో ఆడిన వేన్ ఎంబ్రీ అలాంటివాడే. ఈ ఎంబ్రీ 1972లో మిల్వాకీ బక్స్‌కి జనరల్ మేనేజర్ అయ్యాడు, ఎన్‌బీఏలో ఆ పదవి చేపట్టిన మొదటి నల్లజాతి మనిషి.

ఆ ట్రిపుల్ డబుల్ సీజన్ మీద కూడా నిజం చెప్పుకోవాలి. 1961-62లో ఆట చాలా వేగంగా ఉండేది. ఒక్కో జట్టు మ్యాచ్‌కి సగటున 118 పైచిలుకు పాయింట్లు వేసేది. షాట్లు ఎక్కువ, గురి తక్కువ, కాబట్టి రీబౌండ్లు కుప్పలుతెప్పలు. ఈ కాలంలో 12.5 రీబౌండ్లు తెచ్చినట్టు కాదది. అసిస్టులు మాత్రం అప్పట్లో పీనాసిగా ఇచ్చేవారు, ఆ అంకె ఇవాళైతే ఇంకా పెద్దదయ్యేదే. ఇంకో విచిత్రం, ఆ ఏడాది ట్రిపుల్ డబుల్‌ని ఎవరూ పట్టించుకోలేదు. మూడింటినీ కలిపి లెక్కగట్టే అలవాటే ఇంకా రాలేదు. అదే సీజన్‌లో విల్ట్ చాంబర్లిన్ మ్యాచ్‌కి 50.4 సగటుతో ఆడాడు, ఒక మ్యాచ్‌లో వంద పాయింట్లు వేశాడు. ఉత్తమ ఆటగాడి అవార్డు బిల్ రసెల్‌కి వెళ్లింది. మన హీరోకి ఓట్లలో మూడో స్థానం! (సభలో నవ్వులు) 1964లో మాత్రం ఆ అవార్డు ఆయనకే వచ్చింది. 1961 నుంచి 1968 దాకా రసెల్, చాంబర్లిన్ తప్ప ఇంకొకరికి దక్కింది ఆ ఒక్కసారే.

ఇప్పుడు ఒక విషాదం చెప్పాలి. రాబర్ట్‌సన్ రాకముందు రాయల్స్‌లో మారిస్ స్టోక్స్ అనే గొప్ప ఆటగాడు ఉండేవాడు. 1958 మార్చిలో ఒక మ్యాచ్‌లో కింద పడి తల నేలకి కొట్టుకుంది. స్పృహ తప్పాడు, లేపి మళ్లీ ఆడించారు. కొద్దిరోజులకే విమానంలో ఫిట్స్ వచ్చాయి, ఆ తర్వాత ఒళ్లంతా చచ్చుబడిపోయింది. వయసు 24. మెడికల్ ఇన్సూరెన్స్ లేదు, పెన్షన్ లేదు. సహచరుడు జాక్ ట్వైమన్ అనే తెల్లజాతి కుర్రాడు చట్టప్రకారం గార్డియన్‌గా నిలబడి, చందాల మ్యాచ్‌లు పెట్టించి, ఆస్పత్రి ఖర్చులు మోశాడు. ఈ ట్వైమన్ పక్కనే రాబర్ట్‌సన్ ఆరు సీజన్లు ఆడాడు. తమతో ఆడినవాడు ఆస్పత్రి మంచం మీద మాట కోసం, అడుగు కోసం తంటాలు పడుతుంటే, చందాలు పోగేసి బతికించుకుంటున్న జట్టు అది. పెన్షన్ అనే మాట ఆ లాకర్ రూమ్‌లో ఎంత బరువుగా వినబడేదో మీరే ఊహించుకోండి.

ఆటగాళ్లకి యూనియన్ అప్పటికే ఉంది. 1954లో బాబ్ కూసీ అనే ఆటగాడు పెట్టాడు. కానీ ఓనర్లు దాన్ని లెక్కలోకి కూడా తీసుకునేవారు కాదు. 1964 జనవరి 14న బోస్టన్‌లో ఆల్ స్టార్ మ్యాచ్, అంటే లీగ్‌లోని మేటి ఆటగాళ్లు రెండు జట్లుగా ఆడే మ్యాచ్. ఏబీసీ టీవీలో దేశమంతా రాత్రిపూట ప్రసారం. ఊరంతా మంచు తుఫాను, ఆటగాళ్లే కిందామీదా పడి చేరుకున్నారు. మ్యాచ్‌కి కాస్త ముందు రెండు జట్ల ఆటగాళ్లూ లాకర్ రూమ్ తలుపేసుకుని కూర్చున్నారు. పెన్షన్ ఇస్తామని మాటిస్తేనే బయటికొస్తాం అన్నారు. బయట ప్రేక్షకులు, కెమెరాలు రెడీ. లోపల ఇరవైమంది, ఓట్లు వేసుకుంటున్నారు, వాదించుకుంటున్నారు. ఆడాల్సిందేనని కొందరు, వద్దని కొందరు. లాస్ ఏంజెలెస్ లేకర్స్ యజమాని తన ఆటగాళ్లకి తలుపు దగ్గరనుంచి బెదిరింపు కబురు పంపాడు. దానికి ఎల్జిన్ బేలర్ ఇచ్చిన జవాబు ఈ వేదిక మీద చెప్పగలిగింది కాదు. (నవ్వులు) ఊగిసలాడుతున్నవాళ్లు కూడా ఆ బెదిరింపుతోనే గట్టిపడ్డారని చెబుతారు. చివరికి కమిషనర్ వాల్టర్ కెనెడీ వచ్చి పెన్షన్‌కి మాటిచ్చాడు. మ్యాచ్ కాస్త ఆలస్యంగా మొదలైంది. అందులో 26 పాయింట్లు, 14 రీబౌండ్లు, 8 అసిస్టులతో ఉత్తమ ఆటగాడు ఎవరనుకున్నారు? రాబర్ట్‌సనే.

మరుసటి ఏడాది, 1965లో, ఆయన్ని యూనియన్ అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. జాతీయ స్థాయి క్రీడాకారుల యూనియన్‌కి నల్లజాతి మనిషి అధ్యక్షుడవడం అమెరికాలో అదే మొదలు. ఆట మానేసేదాకా ఆ పదవిలో ఉన్నాడు. వెనకనుండి నడిపిన లాయర్ ల్యారీ ఫ్లైషర్.

అసలు గొడవేమిటో వివరంగా చెబుతాను, ఇది కాస్త పొడి విషయం, ఓపిక పట్టండి. ఆటగాడు సంతకం చేసే కాంట్రాక్టులో ఒక క్లాజు ఉండేది. గడువు అయిపోయాక నువ్వు కొత్త కాంట్రాక్టుకి ఒప్పుకోకపోయినా, జట్టు తనంతట తనే ఇంకో ఏడాది పొడిగించుకోవచ్చు. ఆ ఏడాది అయ్యాకైనా వదులుతారా అంటే, వేరే జట్లేవీ నిన్ను ముట్టుకోవు. ముట్టుకుంటే పాత జట్టుకి నష్టపరిహారం ఇవ్వాలి. కాబట్టి డ్రాఫ్ట్‌లో ఎవడు తీసుకుంటే జీవితాంతం వాడికే. జీతం పెంచమంటే ఓనర్ "నీ ఇష్టం, ఇంటికెళ్లు" అంటాడు. ఇంకెక్కడికి వెళతావు?

1967లో ఏబీఏ అని పోటీ లీగ్ పుట్టింది. మూడు రంగుల బంతితో ఆడేవాళ్లు. అది రాగానే మొదటిసారి ఆటగాడికి రెండో గుమ్మం కనబడింది, జీతాలు గబగబా పెరిగాయి. రిక్ బ్యారీ అనే పెద్ద ఆటగాడు శాన్‌ఫ్రాన్సిస్కో వదిలి ఏబీఏకి వెళ్లబోతే, ఆ క్లాజు పట్టుకుని కోర్టుకెళ్లారు. ఆయన ఏడాదంతా ఆడకుండా కూర్చోవాల్సి వచ్చింది. అయినా వెళ్లాడు. ఓనర్లకి మంట పుట్టింది. రెండు లీగులూ కలిసిపోదాం అనుకున్నారు. కలిసిపోతే ఆ రెండో గుమ్మం మూసుకుపోయినట్టే.

1970 ఏప్రిల్ 6న మారిస్ స్టోక్స్ చనిపోయాడు, 36 ఏళ్లకి. ఏప్రిల్ 16న న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో యూనియన్ కేసు వేసింది. ఈ రెంటికీ సంబంధం ఉందని నేననను, తేదీలు మాత్రం అలా పడ్డాయి. అధ్యక్షుడు కాబట్టి మొదటి పేరు రాబర్ట్‌సన్‌ది, వెనక ఒక్కో జట్టు నుంచీ ఒక్కో ప్రతినిధి, మొత్తం 14 మంది. విలీనం ఆపండి, ఆ పొడిగింపు క్లాజు తీసేయండి, డ్రాఫ్ట్ పద్ధతి చట్టవిరుద్ధమనండి, ఇవీ అడిగినవి. ఇవన్నీ గుత్తాధిపత్య నిరోధక చట్టాలకి విరుద్ధమన్నది వాదన.

అదే ఏప్రిల్‌లో ఇంకోటి జరిగింది. రాయల్స్ కోచ్‌గా వచ్చిన బాబ్ కూసీ, అవును, యూనియన్ పెట్టిన ఆ కూసీయే, రాబర్ట్‌సన్‌ని మిల్వాకీకి ట్రేడ్ చేశాడు, అంటే వేరే ఆటగాళ్లని తీసుకుని బదులుగా ఇచ్చేశాడు. పదేళ్ల సేవ, 30 దగ్గరి సగటు, బదులుగా వచ్చింది ఫ్లిన్ రాబిన్సన్, చార్లీ పాల్క్. ఇందులో ఒక చిన్న సంగతి ఉంది. దీనికి ముందు ఆయన్ని బాల్టిమోర్‌కి పంపాలని చూశారు. ఆయన కుదరదన్నాడు, ట్రేడ్ ఆగిపోయింది. ఎందుకంటే తన కాంట్రాక్టులో, నా అనుమతి లేనిదే ట్రేడ్ చేయకూడదని ముందే రాయించుకున్నాడు. ఆ రోజుల్లో ఎవరికుందండీ అలాంటి షరతు? కాంట్రాక్టుని కూడా అడుగు అడుగు నెట్టుకుంటూ వచ్చినవాడికే ఉంటుంది.

మిల్వాకీలో అప్పుడు లూ ఆల్సిండర్ ఉన్నాడు, తర్వాత కరీం అబ్దుల్ జబ్బార్ అయిన మనిషి. బాస్కెట్ దగ్గర ఆడే పొడగరి అయిన 23 ఏళ్ల సెంటర్, 32 ఏళ్ల గార్డు. వయసు, అనుభవం రెండూ కుదిరాయి. 1970-71లో బక్స్ 66 గెలిచి 16 ఓడింది, వరసగా 20 గెలిచింది. ఫైనల్లో బాల్టిమోర్‌ని 4-0తో ఊడ్చేసింది. పదకొండో సీజన్‌లో గానీ ఆయనకి చాంపియన్‌షిప్ దక్కలేదు, అదొక్కటే దక్కింది. 1974 ఫైనల్లో బోస్టన్ చేతిలో ఏడో మ్యాచ్‌లో ఓడి, ఆట మానేశాడు. మొత్తం 26,710 పాయింట్లు, 9,887 అసిస్టులు. ఆ అసిస్టులు అప్పటికి రికార్డు.

కేసు మాత్రం నడుస్తూనే ఉంది. విలీనాన్ని కోర్టు ఆపేసింది. ఓనర్లు ఊరుకోలేదు, చట్టంనుంచి మినహాయింపు ఇమ్మని అమెరికా కాంగ్రెస్‌కి, అంటే అక్కడి పార్లమెంటుకి, వెళ్లారు. రాబర్ట్‌సన్ సెనేట్ కమిటీ ముందు కూర్చుని, ఎందుకివ్వకూడదో సాక్ష్యం చెప్పాడు. అప్పటికింకా ఆడుతున్నాడు, తనకి జీతమిచ్చేవాళ్ల మీదే సాక్ష్యం. ఈలోగా బేస్‌బాల్‌లో కర్ట్ ఫ్లడ్ అనే ఆటగాడు ఇలాంటి హక్కు కోసమే వేసిన కేసు 1972లో సుప్రీంకోర్టులో ఓడిపోయింది. ఫ్లడ్ కెరీర్ ఆ కేసుతోనే పోయింది. అది చూసి ఎవరికైనా గుండె జారాలి.

బాస్కెట్‌బాల్ కేసు విన్న న్యాయమూర్తి పేరు రాబర్ట్ కార్టర్. ఈయన జడ్జి కాకముందు పౌరహక్కుల లాయరు. స్కూళ్లలో జాతి విభజన చెల్లదని 1954లో తీర్పొచ్చిన బ్రౌన్ కేసు ఉంది కదా, సుప్రీంకోర్టులో అది వాదించినవాళ్లలో ఒకరు. ఆ తీర్పు వచ్చేనాటికి రాబర్ట్‌సన్ అటక్స్‌లో విద్యార్థి. 1975లో కార్టర్, కేసు కొట్టేయమన్న లీగ్ అభ్యర్థనని తోసిపుచ్చారు. విచారణకి వెళితే నిలబడమని లీగ్‌కి అర్థమైపోయింది. 1976 ఫిబ్రవరిలో రాజీకొచ్చింది. పొడిగింపు క్లాజు పోయింది. రాజీతో అడ్డు తొలగింది కాబట్టి ఆ వేసవిలోనే విలీనమూ జరిగింది: డెన్వర్, ఇండియానా, శాన్ ఆంటోనియో, న్యూయార్క్ నెట్స్, ఈ నాలుగు జట్లూ ఎన్‌బీఏలోకి వచ్చాయి.

ఇక్కడే డిక్ బార్నెట్ మాట. 1976లో మొత్తం ఒక్కసారే రాలేదు. క్లాజు పోయినా కొన్నేళ్లు పాత జట్టుకి పరిహారం ఇవ్వాల్సిందే. తర్వాత పరిహారం పోయింది, కానీ బయటినుంచి ఎంత ఆఫర్ వస్తే అంతే ఇచ్చి పాత జట్టు ఆపుకునే హక్కు మిగిలింది. 1988లో అదీ సడలింది. ఆ జులైలో టామ్ చాంబర్స్ సియాటిల్ వదిలి ఫీనిక్స్‌కి, ఎవరి అనుమతీ లేకుండా, ఎవరికీ ఏమీ ఇవ్వకుండా వెళ్లాడు. పూర్తి స్వేచ్ఛతో జట్టు మారిన మొదటి ఆటగాడు. పన్నెండడుగులు, పది, ఎనిమిది, ఆరు. కేసు వేసిన 18 ఏళ్లకి.

దీనివల్ల రాబర్ట్‌సన్‌కి ఒక్క డాలర్ జీతం పెరగలేదు, రాజీ నాటికే రిటైరయ్యాడు. పైగా మూల్యం చెల్లించానని ఆయన భావన. సీబీఎస్ టీవీలో వ్యాఖ్యాతగా ఒక్క సీజన్ చేశాడు, మళ్లీ పిలవలేదు. ఏ ఎన్‌బీఏ జట్టూ కోచ్‌గా తీసుకోలేదు. కేసే కారణమని ఆయన బాహాటంగానే అన్నాడు. ఆ కోపం కడదాకా దాచుకునే రకం కాదు, కొన్నిసార్లు వినడానికి చేదుగా కూడా ఉంటుంది. నాకైతే ఆ చేదు అర్థమవుతుంది. ఆ తర్వాత సిన్సినాటిలో రసాయనాల వ్యాపారం పెట్టి నిలదొక్కుకున్నాడు. 1997లో జబ్బుపడ్డ కూతురికి తన కిడ్నీ ఒకటి ఇచ్చాడు. అడిగినవాళ్లకి, ఏ తండ్రైనా అదే చేస్తాడు అన్న ధోరణిలోనే మాట్లాడాడు.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

(సభలోంచి: ఇవాళ ఆటగాళ్లు కోట్ల డాలర్లు సంపాదిస్తున్నారు. వాళ్లకి యూనియన్లు, కేసులు ఎందుకండీ? సానుభూతి రావడం లేదు.)

రావక్కర్లేదండీ. సానుభూతి వేరు, లెక్క వేరు. టికెట్లు, టీవీ హక్కులు కలిపి వచ్చే డబ్బు ఎలాగూ వస్తుంది. అది ఎవరి జేబులోకి వెళ్లాలన్నదే ప్రశ్న. 1960లలో చాలామంది ఆటగాళ్లు వేసవిలో వేరే ఉద్యోగాలు చేసుకుని ఇల్లు గడిపేవాళ్లు, జనం మాత్రం అప్పుడూ టికెట్లు కొంటూనే ఉన్నారు. ఇంకో సంగతి, కేసులో అసలు అడిగింది జీతం కాదు, పనిచేసే చోటు ఎంచుకునే హక్కు. లెక్కల మాస్టారికీ, లాయర్‌కీ, నర్సుకీ ఉన్నదే.

(మరొకరు: వెస్ట్‌బ్రూక్ రికార్డు బద్దలుకొట్టినప్పుడు ఆయన బాధపడ్డాడా?)

లేదు. 2017లో ఓక్లహోమా సిటీకి స్వయంగా వెళ్లి, ప్రేక్షకుల ముందు అభినందించాడు. 2021లో వెస్ట్‌బ్రూక్ ఆయన 181 ట్రిపుల్ డబుల్స్ కెరీర్ రికార్డుని కూడా దాటాడు. అంకెల విషయంలో ఆయనకి పెద్ద పట్టింపు ఉన్నట్టు కనబడదు. డిఫెన్స్ సరిగ్గా ఆడటం లేదని ఈ తరాన్ని తిట్టడం మాత్రం మానలేదు. (నవ్వులు)

(ఇంకొకరు: 1976 తర్వాత మళ్లీ కోర్టు మెట్లు ఎక్కాడా?)

ఎక్కాడు, మంచి ప్రశ్న. కాలేజీ ఆటగాళ్ల పేర్లు, బొమ్మలు వాడుకుని వీడియోగేమ్‌లు, ఇతర సరుకులు అమ్ముకుంటూ వాళ్లకి పైసా ఇవ్వడం లేదని ఎడ్ ఓబానన్ అనే మాజీ ఆటగాడు 2009లో కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ మీద కేసు వేశాడు. 2011లో రాబర్ట్‌సన్ అందులో చేరాడు. అప్పటికి ఆయనకి 72 ఏళ్లు, కాలేజీ వదిలి 50 ఏళ్లు దాటింది. అదే ఏడాది బిల్ రసెల్ కూడా అలాంటి దావాయే వేశాడు. 2014లో ఆ కేసులో జడ్జి ఎన్‌సీఏఏ నియమాలు గుత్తాధిపత్య నిరోధక చట్టానికి విరుద్ధమని తీర్పిచ్చారు. అప్పీల్లో కొంత నిలిచింది, కొంత పోయింది. 2021 జులై నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ మీద సంపాదించుకోవచ్చని ఎన్‌సీఏఏ ఒప్పుకుంది. కాలేజీలు నేరుగా జీతంలా ఇవ్వొచ్చా అన్న తగాదా ఆ తర్వాత కూడా నడుస్తూనే వచ్చింది. దాని గురించి చెప్పాలంటే ఇంకో గంట కావాలి, నిర్వాహకులు నాకేసి వాచీ చూపిస్తున్నారు. నమస్కారం.